ఇల్లు ఏ సంవత్సరంలో కట్టారు? గరాజ్ తలుపుల కథ

ఇవాళ్టి ఎపిసోడ్ ఒక గోడ పగలగొట్టడంతో మొదలుపెడదాం.

1896 జూన్ 4. ఇంకా తెల్లవారలేదు. అమెరికాలో డెట్రాయిట్ ఊరు, బాగ్లీ అవెన్యూ అనే వీధి. అక్కడ ఓ అద్దె ఇంటి వెనకాల ఇటుకల షెడ్డు. అందులో ఓ 32 ఏళ్ల మనిషి తన మొదటి బండి పూర్తి చేశాడు. నాలుగు సైకిల్ చక్రాలు, ఒక చిన్న పెట్రోల్ ఇంజన్, కూర్చోడానికి ఒక సీటు, అంతే. బండి రెడీ. బయటికి తీద్దామని చూస్తే షెడ్డు తలుపు కంటే బండి వెడల్పుగా ఉంది! నెలల తరబడి బోల్టు బోల్టు లెక్కపెట్టి బిగించినాయన తలుపు వెడల్పు మాత్రం కొలుచుకోలేదన్నమాట. గొడ్డలి తీసుకుని ఇటుకల గోడ పగలగొట్టాడు. బండి రోడ్డెక్కింది.

ఆయన పేరు హెన్రీ ఫోర్డ్.

కారు కథ ఎక్కడ మొదలైనా, గరాజ్ తలుపు కథ మాత్రం నాకు ఆ బొక్క దగ్గరే మొదలైనట్టు అనిపిస్తుంది. మనిషి కారు తయారు చేసుకున్నాడు, దాన్ని లోపలికీ బయటికీ తేవడానికి తలుపు లేదు. అప్పటి నుంచి ఇప్పటి దాకా ఆ తలుపుతోనే కుస్తీ.

మన ఊళ్లలో గ్యారేజీ అంటే మెకానిక్ షెడ్డు, లేదంటే ఆర్టీసీ బస్సులు పడుకునే చోటు. ఇక్కడ అమెరికాలో గరాజ్ అంటే ఇంట్లో ఒక గది. ఇళ్లన్నిటిలోకీ పెద్ద తలుపు దానిదే, పదహారు అడుగుల వెడల్పు. దాని గురించి మనం ఆలోచించేది ఎప్పుడంటే, అది తెరుచుకోని రోజున. నేను కూడా అంతే. నేను ఆలోచించడం మొదలుపెట్టిన రోజు గురించి ముందు చెప్తాను, అది చెప్పకపోతే ఈ చరిత్రంతా నాకెందుకో మీకు అర్థం కాదు.

మేముండేది డెట్రాయిట్ శివార్లలో. ఇల్లు 1994లో కట్టింది, మేము కొన్నది చాలా ఏళ్ల తర్వాత. రెండేళ్ల క్రితం జనవరిలో అమ్మానాన్న నరసరావుపేట నుంచి వచ్చారు. మా ఆవిడకి తొమ్మిదో నెల. సాధారణంగా మన పెద్దవాళ్లని ఎండాకాలంలోనే రప్పిస్తాం, కానీ పురుడు వీసా లెక్కలు చూసుకుని రాదు కదా.

ఒకరోజు పొద్దున్న ఏడింటికి, బయట మైనస్ పద్దెనిమిది. లోపల గరాజ్‌లోంచి తుపాకీ పేలినట్టు ఢాం అని ఒక్క శబ్దం. అమ్మ ఏకంగా దేవుడి గదిలోకి పరిగెత్తింది. వెళ్లి చూస్తే ఏమీ లేదు. కారు బాగానే ఉంది. బటన్ నొక్కితే మోటార్ మూలుగుతోంది, తలుపు అరడుగు లేచి ఆగిపోతోంది. పైన చూస్తే తలుపు మీద అడ్డంగా ఉండే స్ప్రింగు రెండు ముక్కలైంది. మధ్యలో రెండంగుళాల సందు.

ఎనిమిదిన్నరకి మా ఆవిడకి డాక్టర్ అపాయింట్‌మెంట్. రెండు కార్లూ లోపలే ఉన్నాయి.

నాన్న నరసరావుపేటలో 31 ఏళ్లు కిరాణా కొట్టు నడిపారు. 31 ఏళ్లు పొద్దున్నే షట్టర్ ఎత్తిన మనిషి. "ఇదెంతరా, ఎత్తుదాం పద" అన్నారు. షట్టర్ ఎప్పుడూ బయటి నుంచే ఎత్తుతారు కాబట్టి ఆయన స్వెటర్ మీద నా జాకెట్ వేసుకుని బయటికెళ్లారు. నేను లోపల. ఇద్దరం కలిసి లేపాం. సగం దాకా వచ్చింది. ఈ తలుపు నాలుగు పలకలుగా ఉంటుంది, మడతకీ మడతకీ మధ్య బందులు. పైకి వెళ్లి వంపు తిరిగే చోట, బయట వైపు, రెండు పలకల మధ్య సందు తెరుచుకుంటుంది. పట్టుకోవడానికి ఇంకేమీ దొరక్క నాన్న చెయ్యి చాచి ఆ సందులో వేళ్లు పెట్టారు. అదే సమయానికి నా వైపు పట్టు జారింది. తలుపు కిందికి దిగింది, సందు మూసుకుంది.

కుడి చెయ్యి ఉంగరం వేలు, గోరు వరకు పోయింది.

ఎక్కువ చెప్పను. ఆ రోజు టాక్సీలో ఇద్దరు పేషెంట్లు ఒకే హాస్పిటల్‌కి వెళ్లారు. మా పాప తర్వాతి వారం పుట్టింది, బాగుంది. విజిటర్ ఇన్సూరెన్స్ కొంత ఇచ్చింది, కొంత ఇవ్వలేదు. ఆ కథ ఇంకో ఎపిసోడ్‌కి సరిపోతుంది.

మర్నాడు తలుపు బాగుచేయడానికి ఒక పెద్దాయన వచ్చాడు. ఇక్కడి స్థానికుడే, సొంతంగా ఒక వ్యాన్ పెట్టుకుని నలభై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాడట. వస్తూనే తలుపు వైపు కూడా చూడకుండా అడిగిన మొదటి ప్రశ్న, "ఇల్లు ఏ సంవత్సరంలో కట్టారు?"

చెప్పాను. "ఓ, అయితే వేళ్లు నలిగే రకం తలుపు" అన్నాడు. ఏం జరిగిందో ఆయనకి ఇంకా ఎవరూ చెప్పలేదు.

ఆ మాట నన్ను వదల్లేదు. ఇంటి వయసు తెలిస్తే ఆ ఇంట్లో ఏ ప్రమాదం పొంచి ఉందో ఈయనకి తెలుస్తుందా? మే నెలలో మంచు కరిగాక ఆయన్ని బతిమాలి రెండు రోజులు ఆయన వ్యాన్‌లో తిరిగాను. ఇప్పుడు నేను చెప్పేది చాలావరకు ఆ తిరుగుడులో చూసింది, దాన్ని పట్టుకుని తర్వాత చదువుకున్నది.

మొదట వెళ్లింది డెట్రాయిట్ ఊళ్లోనే బోస్టన్-ఎడిసన్ అనే పేట. వందేళ్లు దాటిన పెద్ద పెద్ద ఇళ్లు. ఫోర్డ్ కూడా 1908 నుంచి 1915 వరకు అక్కడే ఉన్నాడు. ఆ ఇళ్ల వెనకాల, దొడ్లో దూరంగా, చిన్న ఇల్లు లాంటి కట్టడం ఉంటుంది. గుర్రబ్బండి పెట్టుకునే చోటన్నమాట. కారు వచ్చిన కొత్తలో అది కూడా గుర్రం లాంటిదే కదా అని అందులోనే కట్టేశారు. రెండు చెక్క తలుపులు, బయటికి తెరుచుకుంటాయి, మన పాత లోగిళ్ల తలుపుల్లాగే.

ఇంటికి ఆనించి ఎందుకు కట్టలేదు? పెట్రోల్ అంటే భయం. నిప్పంటుకుంటే ఇల్లంతా పోతుందని. అసలు కారుకి గది ఎందుకు? అప్పటి కార్లకి చాలావాటికి పైన గుడ్డ టాపే. పైగా రేడియేటర్‌లో ఉండేది మామూలు నీళ్లు. ఈ చలికి గడ్డకట్టి లోపల పగుళ్లు తెస్తుందని రాత్రిపూట నీళ్లు వంచేసి, పొద్దున్నే మళ్లీ పోసేవాళ్లట. అందుకని కారుకి వెచ్చటి చోటు ఉంటే మేలు. ఇలాంటి ఊళ్లో కారు కొనడమంటే ఆవుని కొన్నట్టే, కొట్టం కూడా కావాలి.

మోడల్ టీ 1908లో వచ్చింది. 1913లో హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో కదిలే అసెంబ్లీ లైన్ పెట్టాక ధర పడిపోయింది, గుమాస్తాలు, కార్మికులు కూడా కొనడం మొదలుపెట్టారు. 1927లో ఆపేసే నాటికి కోటిన్నర పైగా తయారయ్యాయి. అన్ని కార్లకి గుర్రపు ఇళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? దాంతో దొడ్లో, వెనక సందు వైపు, చిన్న చిన్న చెక్క గరాజ్‌లు లేచాయి. సియర్స్ కంపెనీ ఇళ్లతో పాటు గరాజ్‌లు కూడా కేటలాగ్‌లో పెట్టి అమ్మింది. ముక్కలు రైల్లో వచ్చేవి, మనమే బిగించుకోవాలి. ఇప్పటి ఆన్‌లైన్ ఫర్నిచర్ లాగా అనుకోండి, కాకపోతే ఏకంగా గదే.

ఆ పాత తలుపుల జబ్బు ఏంటో పెద్దాయన చూపించాడు. ఎనిమిదడుగుల ఎత్తు చెక్క రెక్క, దాని బరువంతా ఒక పక్క బందుల మీదే వేలాడుతుంది. కొన్నేళ్లకి అవతలి మూల కిందికి వాలిపోయి నేలని గీకుతుంది. దీనికి మందు, పై బందు మూల నుంచి వాలిన కింది మూల దాకా ఐమూలగా ఒక ఇనుప కడ్డీ, మధ్యలో తిప్పే మర. మర బిగిస్తుంటే వాలిన మూల మెల్లగా లేస్తుంది. పావుగంట పని. "ఈ తలుపులు నన్ను ఎప్పుడూ భయపెట్టలేదు" అన్నాడాయన. నిజమే, అందులో స్ప్రింగు లేదు, బిగించి దాచిన బలం ఏమీ లేదు.

మరి వాటిని ఎందుకు వదిలేశారు? మంచు. బయటికి తెరుచుకునే తలుపు ముందు రెండడుగుల మంచు పడితే తలుపు తెరవడానికి ముందు అరగంట పార పట్టాలి. తలుపుని పక్కకి జరిపే పట్టాలు వేసి చూశారు, కానీ పక్కన అంత గోడ ఉండాలి కదా. ఇక మిగిలిన దిక్కు ఒకటే. పైకి.

1921లో సి.జి. జాన్సన్ అనే ఆయన డెట్రాయిట్‌లోనే ఆ పని చేశాడు. తలుపుని అడ్డ పలకలుగా కోసి, బందులతో కలిపి, పక్కన చక్రాలు పెట్టి, వంపు తిరిగిన పట్టాల్లో నడిపించాడు. తలుపు పైకెళ్లి కప్పు కింద పడుకుంటుంది. అమ్మడానికి ఆయన చేసిన పని నాకు చాలా నచ్చింది. చిన్న నమూనా తలుపు ఒకటి కారు వెనక బిగించుకుని ఊరూరా తిరిగి, తెరిచి మూసి చూపించేవాడట. ఇప్పుడు మనం రీల్ చేసి పెట్టేది, ఆయన కారు మీద పెట్టాడు. 1926కి మోటార్ కూడా తగిలించాడు. వందేళ్లయింది. ఇవాళ మా ఇంట్లో ఉన్నది కూడా మూలంలో ఆ తలుపే.

కానీ పైకి లేపడం అనగానే ఒక కొత్త సమస్య వచ్చింది, అదే అసలు సమస్య. తలుపు బరువు.

మా తలుపు దాదాపు 70 కిలోలు. పాత చెక్కవి ఇంకా ఎక్కువ. అంత బరువుని పాప కూడా ఒక్క వేలితో ఎత్తగలిగేలా చేస్తున్నది ఎవరు? అందరం మోటార్ అనుకుంటాం. నేనూ అదే అనుకున్నాను. కాదు. మోటార్ కేవలం తోస్తుంది. బరువు మోసేది స్ప్రింగు. తలుపు కిందికి దిగుతుంటే స్ప్రింగు బిగుసుకుంటుంది, అంటే తలుపు బరువుని తనలో దాచుకుంటుంది. తెరిచేటప్పుడు దాచింది తిరిగిచ్చేస్తుంది. స్ప్రింగు ఉన్నంతకాలం తలుపు గాల్లో తేలుతుంది. అది తెగిన క్షణంలో 70 కిలోలు మళ్లీ 70 కిలోలే అవుతాయి. ఆ పొద్దున నాకూ నాన్నకీ ఎదురైంది అదే.

మధ్యాహ్నం లివోనియా వెళ్లాం. అక్కడ 1950ల నాటి ఇళ్లు వరసగా ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక సైనికులు తిరిగొచ్చారు, పెళ్లిళ్లు, పిల్లలు, ఇళ్లు కావాలి. 1947లో న్యూయార్క్ దగ్గర లెవిట్‌టౌన్ కట్టినప్పుడు మొదటి ఇళ్లకి గరాజ్ లేనే లేదు, ధర తగ్గించాలి కదా. కానీ కొద్ది ఏళ్లలోనే గరాజ్ దొడ్డి వదిలి ఇంటి పక్కకి వచ్చి అతుక్కుంది. డబ్బున్నవాళ్లు ముందే చేశారనుకోండి. 1910లో షికాగోలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ కట్టిన రోబీ హౌస్‌కి మూడు కార్ల గరాజ్ ఇంటికే అంటుకుని ఉంది. మధ్యతరగతికి రావడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది.

ఆ కాలంలో చాలా ఇళ్లకి చవగ్గా ఒకే పలక తలుపు పెట్టారు. మడతలు లేవు, మొత్తం తలుపు ఒక్కసారిగా వాలి పైకి వెళ్తుంది, లేచేటప్పుడు కింది అంచు బయటికి తన్నుతుంది. ఎదురుగా కారు దగ్గరగా ఆపితే బంపర్‌కి దెబ్బ. మనిషి నిలబడితే మోకాలికి. పక్కన స్ప్రింగులు పొడుగ్గా సాగే రకం. అవి తెగితే ముక్క ఎటు ఎగురుతుందో చెప్పలేం. అందుకే ఇప్పుడు ఆ స్ప్రింగు లోంచి ఒక ఉక్కు తాడు పోనిస్తారు. తెగినా ముక్క ఆ తాడుని పట్టుకుని వేలాడుతుంది, గోడలోకి దూసుకెళ్లదు. లివోనియాలో మేం వెళ్లిన ఇంట్లో ఒక వైపు ఆ తాడు ఉంది, రెండో వైపు లేదు. ఇంటావిడ ఎనభై ఏళ్ల మనిషి. ముప్పై ఏళ్లుగా ఆ పక్కనే కుర్చీ వేసుకుని సాయంత్రాలు కూర్చుంటోందట. పెద్దాయన ఏమీ మాట్లాడకుండా ముందు తాడు వేసి, ఆ తర్వాతే ఆవిడ పిలిచిన పని మొదలుపెట్టాడు. తాడుకి డబ్బులు తీసుకోలేదు. కెమెరా ఆపమని సైగ చేశాడు, అందుకే అది మీకు వీడియోలో కనిపించదు.

ఇప్పుడు మోటార్ సంగతి. 1954లో జీనీ అనే పేరుతో రేడియో రిమోట్ ఉన్న మోటార్లు మార్కెట్లోకి వచ్చాయి. కారు దిగక్కర్లేదు, బటన్ నొక్కితే తలుపు తెరుచుకుంటుంది. అల్లావుద్దీన్ దీపంలో భూతం పేరే పెట్టుకున్నారు. మొదట్లో రిమోట్లకి రహస్యం అంటూ ఏమీ ఉండేది కాదు, ఒకరు నొక్కితే పక్కింటి తలుపు కూడా లేచేది. తర్వాత లోపల చిన్న చిన్న స్విచ్‌లు పెట్టారు, పైకీ కిందికీ. పన్నెండు స్విచ్‌లుంటే 4096 రకాల కోడ్‌లు. దొంగ ఒక్కొక్కటే ప్రయత్నిస్తూ కూర్చోలేడులే అనుకున్నారు.

ఇక్కడ మీలో తెలుగు మీడియం వాళ్లకి ఒక ప్రశ్న. యమాతారాజభానసలగం. గుర్తొచ్చిందా? ఛందస్సులో మూడక్షరాల గణాలు ఎనిమిది. విడివిడిగా రాస్తే 24 అక్షరాలు కావాలి. కానీ ఈ మాటలో ఉన్నవి 10 అక్షరాలే. యమాతా అంటే యగణం. ఒక్కడుగు జరిగి మాతారా అంటే మగణం. ఇంకో అడుగు, తారాజ, తగణం. ఇలా ఒకదాని తోక ఇంకోదానికి తల అవుతూ ఎనిమిదీ వచ్చేస్తాయి. గణితంలో దీన్ని డి బ్రూయిన్ వరస అంటారు. 2015లో శామీ కామ్‌కార్ అనే సెక్యూరిటీ పరిశోధకుడు సరిగ్గా ఈ కిటుకే వాడాడు. పాత రిసీవర్లు కోడ్ ఎక్కడ మొదలైందో చూడవు, వస్తున్న సంకేతంలో సరైన పన్నెండూ వరసగా కనిపిస్తే చాలు, తెరిచేస్తాయి. ఆయన అన్ని కోడ్‌లనీ తోకకి తల కలిపి ఒకే దండగా పంపాడు. మాటెల్ కంపెనీ పిల్లల బొమ్మ ఒకటి కొని, దాంట్లోనే ఈ ప్రోగ్రామ్ వేసి, పది సెకన్ల లోపే తలుపు తెరిచి చూపించాడు. తొమ్మిదో తరగతిలో మా తెలుగు మాస్టారు ఈ ముక్క చెప్పుంటే నేను ఛందస్సులో ఫెయిలయ్యేవాణ్ణి కాదు.

1990ల నుంచి వచ్చిన రిమోట్లు నొక్కినప్పుడల్లా కోడ్ మార్చుకుంటాయి, వాటి మీద ఈ కిటుకు పనిచేయదు. కానీ మీ ఇంట్లో రిమోట్ వెనక మూత తీస్తే వరసగా బుల్లి స్విచ్‌లు కనిపిస్తున్నాయంటే, అది మార్చాల్సిన రిమోట్.

దొంగల సంగతి అలా ఉంచండి. మోటార్ తెచ్చిన అసలు ప్రమాదం వేరే. మోటార్‌కి కళ్లు లేవు. కింద ఏముందో దానికి తెలీదు, దిగమంటే దిగుతుంది. పిల్లలకేమో ఆ దిగే తలుపు కింద నుంచి పరిగెత్తడం ఓ ఆట. అమెరికా ప్రభుత్వ వినియోగదారుల భద్రతా కమిషన్ లెక్క ప్రకారం 1982 మార్చి తర్వాతి ఏళ్లలో 2 నుంచి 14 ఏళ్ల పిల్లలు దాదాపు 60 మంది ఆ తలుపుల కింద చిక్కుకుని చనిపోయారు. 1990లో పార్లమెంటు చట్టం చేసింది. 1993 జనవరి 1 నుంచి తయారయ్యే ప్రతి ఇంటి మోటార్‌కీ, దేనికైనా తగిలితే వెనక్కి లేచే గుణంతో పాటు ఇంకో రక్షణ కూడా ఉండాలని. తలుపుకి రెండు వైపులా, నేలకి ఆరంగుళాలు మించకుండా, చిన్న కళ్లలాంటివి ఎదురెదురుగా మెరుస్తుంటాయి చూడండి, అవి అలా వచ్చినవే. ఒకటి కాంతి పంపుతుంది, రెండోది చూస్తుంది. మధ్యలో పిల్లాడి కాలు అడ్డొచ్చినా తలుపు ఆగి తిరిగి లేస్తుంది.

రెండో రోజు ఒక ఇంట్లో చూశాం. మోటార్ కొత్తదే, కానీ ఆ రెండు కళ్లనీ గోడ నుంచి పీకి, ఒకదానికొకటి ఎదురుగా పెట్టి టేపు చుట్టి పైన కప్పు దగ్గర కట్టేశారు! ఎండ పడితే తలుపు మధ్యలో ఆగిపోతోందని ఎవరో ఇచ్చిన సలహా అట. అది మన తెలుగువాళ్ల ఇల్లే. ముందు రెండు పిల్లల సైకిళ్లున్నాయి. పెద్దాయనకి కోపం రావడం నేను చూసింది ఆ ఒక్కసారే. నేను తెలుగులో ఇంకో నాలుగు మాటలు కలిపాను.

మన ఇళ్ల మాట వచ్చింది కాబట్టి చెప్తాను. మనం ఇల్లు కొనేటప్పుడు సింహద్వారం ఏ దిక్కుకి ఉందో చూస్తాం, గడపకి పసుపు రాస్తాం, మామిడి తోరణం కడతాం, పాలు పొంగిస్తాం. గృహప్రవేశం అయిన మర్నాటి నుంచి ఆ తలుపు ఎవరు వాడతారు? డెలివరీ అబ్బాయి. మనం మాత్రం గరాజ్ లోంచే రాకపోకలు. చెప్పులు అక్కడే, బియ్యం బస్తా అక్కడే, చేపల వేపుడుకి వేరే స్టవ్ అక్కడే. ఇప్పుడు లెక్క చూడండి. మామూలు స్ప్రింగుకి ఆయుష్షు 10,000 సార్లు, తెరిచి మూస్తే ఒకసారి. రోజుకి నాలుగు సార్లు వాడితే దాదాపు ఏడేళ్లు వస్తుంది. మా ఇంట్లో ఎనిమిదికి తక్కువ లేదు. అంటే 1250 రోజులు, మూడున్నర ఏళ్లు. స్ప్రింగు జనవరిలో చలికి తెగింది నిజమే, కానీ దాన్ని రోజూ కొంచెం కొంచెం అరగదీసింది మేమే.

నేను నా మీద ఒప్పుకోవాల్సింది ఇంకోటి ఉంది. నాన్నకి దెబ్బ తగిలిన రాత్రి నేను కోపంతో ఆన్‌లైన్‌లో స్ప్రింగు ఆర్డర్ పెట్టాను. నేనే మారుస్తానని. రెండు పెద్ద స్క్రూడ్రైవర్లు కూడా పక్కన పెట్టుకున్నాను. పెద్దాయన వాటిని చూసి తీసి తన వ్యాన్‌లో పడేసి, ఆ పనికి వాడే ఇనుప కడ్డీలు చూపించాడు, ఒక్కోటి ఒకటిన్నర అడుగు. ఏడడుగుల తలుపుకి స్ప్రింగుని ఏడున్నర చుట్లు తిప్పాలి. పావు చుట్టు చొప్పున ముప్పై సార్లు. ప్రతిసారీ ఆ బలమంతా ఒక్క కడ్డీ మీద, దాన్ని పట్టుకున్న చేతి మీద ఉంటుంది. స్క్రూడ్రైవర్ జారితే అది తిరిగొచ్చేది మొహం మీదికే. దయచేసి ఈ ఒక్క పని యూట్యూబ్ చూసి చేయకండి. ఇది చెప్తున్నవాడు యూట్యూబర్.

మీరు చేయగలిగినవి వేరే ఉన్నాయి. తలుపు మూసి ఉన్నప్పుడు ఎర్ర తాడు లాగి మోటార్‌ని విడదీయండి, చేత్తో నడుం ఎత్తు దాకా ఎత్తి వదలండి. అక్కడే నిలబడితే స్ప్రింగు బాగున్నట్టు. పడిపోతుంటే ఫోన్ చేయాల్సింది ఆ రోజే. తలుపు తేలిగ్గా లేవకపోతే ఎత్తకండి, ఇద్దరు ముగ్గురున్నా సరే. ఇంకోటి, ఒకటిన్నర అంగుళం మందం చెక్క నేల మీద పడుకోబెట్టి, బటన్‌తో తలుపు దించండి. చెక్కకి తగిలిన రెండు సెకన్లలోపు అది వెనక్కి లేవాలి.

చివరి ఇల్లు ఒక కొత్త కాలనీలో, నిరుడు కట్టింది. దూరం నుంచి చూసి ఆశ్చర్యపోయాను. తలుపు అచ్చం బోస్టన్-ఎడిసన్‌లో చూసిన గుర్రపు ఇంటి తలుపే! రెండు రెక్కలు, నల్లటి ఇనుప బందులు, మధ్యలో పెద్ద పెద్ద గుండ్రటి పిడులు. దగ్గరికెళ్తే ఉక్కు పలకలు, చెక్క రంగు. బందులు అతికించినవి, పిడులు లాగితే ఏమీ జరగదు. బటన్ నొక్కితే అడ్డంగా నాలుగు ముక్కలై పైకి వెళ్లిపోయింది. వందేళ్ల క్రితం మంచులో తెరవలేక వదిలించుకున్న తలుపుని ఇప్పుడు అదనంగా డబ్బిచ్చి బొమ్మ వేయించుకుంటున్నాం. వెక్కిరించడం లేదు, చూడ్డానికి బాగుంది. గరాజ్ ఇంటి ముందుకొచ్చి ముట్టెలా పొడుచుకొచ్చాక ఇంటి మొహం అంటే ఆ తలుపే అయింది మరి. ఓరెగాన్‌లో పోర్ట్‌లాండ్ ఊరైతే 1999లో అలాంటి ముట్టె ఇళ్లు కట్టకుండా రూలే పెట్టింది.

ఆ కొత్త తలుపులో నేను వెతికింది వేరే. పలకల మధ్య సందు. వేలు పెట్టి చూశాను, పెద్దాయన ఊరుకున్నాడు. పలక అంచులు ఒకదాంట్లో ఒకటి దొర్లేలా గుండ్రంగా చేశారు, వంపు దగ్గర కూడా సందు తెరుచుకోదు. వేలిని బయటికే తోసేస్తుంది. మా తలుపు తయారైన తర్వాతి ఏళ్లలో ఈ రకం పలకలు మామూలైపోయాయి. మాది కొన్నేళ్లు ముందు పుట్టింది, అంతే తేడా.

ఈ కథ ఇంకా నడుస్తూనే ఉంది. 2017లో కాలిఫోర్నియాలో కార్చిచ్చులు వచ్చినప్పుడు కరెంటు పోయి, మోటార్ పనిచేయక, తలుపు చేత్తో ఎత్తలేక కొందరు లోపలే చిక్కుకున్నారు. 2019 జూలై 1 నుంచి అక్కడ అమ్మే ప్రతి కొత్త మోటార్‌కీ బ్యాటరీ తప్పనిసరి చేశారు. కళ్లు వచ్చినట్టే బ్యాటరీ కూడా వచ్చింది, ఎవరికో జరిగాక.

అన్నట్టు, ఫోర్డ్ గోడ పగలగొట్టిన ఆ షెడ్డు ఇప్పుడు అక్కడ లేదు. దాని నమూనా డియర్‌బార్న్‌లో ఉంది. ఆ స్థలంలో 1926లో మిషిగన్ థియేటర్ అని రాజమహల్ లాంటి సినిమా హాలు కట్టారు, అది మూతపడ్డాక 1970లలో దాని లోపలే కార్ల పార్కింగ్ చేశారు. పైన పాత సినిమా హాలు కప్పు, పూల చెక్కుళ్లు, కింద వరసగా కార్లు. డెట్రాయిట్ వస్తే తప్పకుండా చూడండి.

నాన్న ఏప్రిల్‌లో తిరిగి వెళ్లిపోయారు. వెళ్లేముందు ఒకరోజు గరాజ్‌లో నిలబడి కొత్త స్ప్రింగు కేసి చూస్తూ, "మన షట్టర్‌కి కూడా పైన చుట్టలో స్ప్రింగు ఉంటుందిరా" అన్నారు. నాకు తెలీదు. చిన్నప్పటి నుంచీ చూసిన షట్టర్. "అది తెగిన రోజు ఏం చేసేవాళ్లు?" అన్నాను. "ముట్టుకునేవాణ్ణి కాదు. మేస్త్రీ వచ్చే దాకా అరుగు మీద కూర్చునేవాణ్ణి." మరి ఇక్కడెందుకు ఎత్తారని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. లోపల కోడలు చీర కట్టుకుని టైం చూసుకుంటోంది ఆ రోజు.

పోయిన వారం వీడియో కాల్‌లో పదివేల లెక్క ఆయనకి చెప్పాను. కాగితం తీసుకున్నారు. పొద్దున తెరవడం, మధ్యాహ్నం భోజనానికి మూయడం, సాయంత్రం మళ్లీ. రోజుకి రెండుసార్లు, ఏడాదికి 300 రోజులు, 31 ఏళ్లు. 18,600. "స్ప్రింగు ఎన్నిసార్లు మార్చారు నాన్నా?" అంటే, "ఒక్కసారే" అన్నారు.

ఆ సంగతి పెద్దాయనకి మెసేజ్ పెడితే, గ్రీజు బాగా పట్టించేవారేమో అని అడుగు అన్నాడు. అడిగాను. ప్రతి దసరాకీ అట.